కంటైనర్ ఆగాక వెతికే కాగితాలు: వెట్టిచాకిరి చట్టాలు దిగుమతిదారును అడిగేదేమిటి?

2024 ఆరంభంలో ఐరోపా నుంచి ఓడల్లో అమెరికా చేరిన వేలాది పోర్షే, బెంట్లీ, ఆడి కార్లు రేవు దాటలేకపోయాయి. బండ్లలో లోపమేమీ లేదు, సుంకం బకాయీ లేదు. కారు లోపల ఎక్కడో ఒదిగి ఉన్న ఒక చిన్న ఎలక్ట్రానిక్ భాగం, వెట్టిచాకిరితో చేసిన సరుకును నిషేధించే అమెరికా చట్టానికి విరుద్ధంగా తయారైందని తేలడమే కారణం. అదే ఏడాది మే నెలలో అమెరికా సెనేట్ ఆర్థిక కమిటీ నివేదిక అసలు కథను బయటపెట్టింది. సిచువాన్ జింగ్‌వెయిడా అనే చైనా సంస్థ చేసిన ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక విడిభాగాల కంపెనీ కొన్నది. దాని సరుకు మరో పెద్ద విడిభాగాల కంపెనీకి వెళ్లింది. అక్కడి నుంచి రకరకాల బ్రాండ్ల కార్లలోకి చేరింది. ఆ చైనా సంస్థ 2023 డిసెంబరులోనే అమెరికా నిషేధ జాబితాకెక్కింది. ఆ తర్వాత కూడా ఆ భాగంతో కనీసం 8,000 మినీ కూపర్ కార్లు అమెరికాలోకి వచ్చాయని కమిటీ లెక్క తేల్చింది.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ సంస్థ ఉయ్‌గర్ ముస్లింలు ఎక్కువగా ఉండే చైనా వాయవ్య ప్రాంతం షిన్‌జియాంగ్‌లో లేదు, సిచువాన్ రాష్ట్రంలో ఉంది. షిన్‌జియాంగ్ నుంచి ఉయ్‌గర్లను ఇతర రాష్ట్రాల ఫ్యాక్టరీలకు తరలించే ప్రభుత్వ పథకాలతో దానికి సంబంధం ఉందన్నది అభియోగం. అంటే పటం మీద ఒక ప్రాంతాన్ని గుర్తించి, అక్కడి నుంచి ఏమీ కొనడం లేదు కాబట్టి మనకు ఇబ్బంది లేదనుకున్న దిగుమతిదారుకు ఆ పటం అక్కరకు రాలేదు.

దిగుమతి వ్యాపారంలో చాలామంది ఈ చట్టాలను ఇప్పటికీ ఒక ప్రమాణపత్రం వ్యవహారంగానే చూస్తున్నారు. సరఫరాదారుతో నియమావళి మీద సంతకం పెట్టించి, ఏడాదికోసారి ఆడిట్ చేయించి, ఆ నివేదికను ఫైలులో పెడితే పని అయిపోయిందనుకుంటారు. కానీ కస్టమ్స్ అధికారి అడిగేది కంపెనీ విధానం గురించి కాదు, ఎదురుగా ఉన్న ఈ కంటైనర్‌లోని ఈ సరుకు గురించి. ఇందులోని పత్తి ఏ పొలంలో పండింది? సిలికాన్ ఏ కొలిమిలో తయారైంది? ఎవరి చేతులతో, ఏ పరిస్థితుల్లో? ఈ ప్రశ్నలకు నియమావళిలో జవాబు ఉండదు.

రెండు జబ్బులు, రెండు మందులు

బలవంతపు శ్రమ అంటే ఏమిటో అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నాటి 29వ ఒప్పందంలోనే చెప్పింది. ఏదో ఒక శిక్ష పడుతుందన్న భయం చూపి, మనిషి తనంతట తాను ఒప్పుకోకుండా చేయించుకునే పని ఏదైనా అందులోకి వస్తుంది. సంకెళ్లే ఉండనక్కరలేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండటం, జీతం నెలల తరబడి ఆపడం, తీరని అప్పు, బయటికి వెళ్లనివ్వకపోవడం, బెదిరింపు, మోసపు మాటలతో పనిలోకి దింపడం, హద్దు లేని ఓవర్‌టైమ్... ఇలాంటి 11 సూచికలను ఆ సంస్థ గుర్తించింది. అమెరికా కస్టమ్స్ కూడా ఆంక్షలు ప్రకటించేటప్పుడు వీటి పేర్లే వాడుతుంది. దిగుమతిదారు దగ్గర ఇంకేమీ లేకపోయినా ఈ పదకొండూ కంఠతా ఉండాలి.

2021 పరిస్థితిపై ఆ సంస్థ వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు శ్రమలో ఉన్నారు. వారిలో ప్రభుత్వాలే చేయిస్తున్న శ్రమలో ఉన్నవారు 39 లక్షలు. మిగిలినవారంతా ప్రైవేటు యజమానుల, దళారుల చేతుల్లో చిక్కినవారే.

నిబంధనల పాటింపు దారి తప్పేది సరిగ్గా ఈ విభజన దగ్గరే. ప్రభుత్వమే చేయించే శ్రమ ఒక రకం జబ్బు. అక్కడ ఫ్యాక్టరీ యజమానిని మార్చే శక్తి కొనుగోలుదారుకు ఉండదు. కార్మికుడు నిజం చెప్పే వీలుండదు, ఆడిటర్‌కు చూసే స్వేచ్ఛ ఉండదు. 2020లోనే పలు అంతర్జాతీయ ఆడిట్ సంస్థలు షిన్‌జియాంగ్‌లో కార్మిక తనిఖీలు చేయబోమని చెప్పేశాయి. అలాంటి చోట సరుకు మూలాన్ని కనిపెట్టి తప్పుకోవడం తప్ప మందు లేదు. ప్రైవేటు రంగంలోని అప్పు వెట్టి రెండో రకం. అక్కడ సరుకు ఎక్కడ పుట్టిందో అందరికీ తెలుసు. తెలియనిది కార్మికుడు ఆ పనిలోకి రావడానికి ఎంత అప్పు చేశాడన్నది. దానికి సరుకు పుట్టిన చోటు చెప్పే మూలపత్రాలు పనికిరావు, కార్మికుల మాట కావాలి. తప్పుకోవడం కాదు, అక్కడే ఉండి సరిదిద్దించడం మందు.

చాలా కంపెనీలు ఈ రెంటినీ తారుమారు చేస్తాయి. జాడ తీయాల్సిన చోటికి ఆడిటర్‌ను పంపుతాయి, కార్మికుల మాట వినాల్సిన చోట మూలపత్రం అడుగుతాయి.

తొంభై ఏళ్ల చట్టానికి కొత్త కోరలు

అమెరికా 1930 సుంకాల చట్టంలోని 307వ సెక్షన్, ఖైదీల చేత గానీ బలవంతంగా గానీ చేయించిన సరుకును పూర్తిగానో పాక్షికంగానో కలిగి ఉన్న దిగుమతులను ఆనాడే నిషేధించింది. కానీ దేశంలో గిరాకీకి తగినంత ఉత్పత్తి లేకపోతే ఆ సరుకును రానివ్వవచ్చన్న మినహాయింపు ఒకటి అందులో ఉండేది. ఆ కిటికీ నుంచి వచ్చినవే ఎక్కువ. 2016 ఫిబ్రవరిలో ఆ మినహాయింపు తొలగాకే చట్టం మేల్కొంది.

దీని కింద కస్టమ్స్ విభాగం విడుదల నిలుపుదల ఉత్తర్వు, అంటే సరుకును రేవు దాటనివ్వని ఆదేశం, ఇస్తుంది. పూర్తి రుజువు అక్కరలేదు, సహేతుకమైన సమాచారం ఉంటే చాలు. ఉత్తర్వు ఒక ఫ్యాక్టరీ మీద ఉండవచ్చు, ఒక పడవ మీద ఉండవచ్చు, 2018లో తుర్క్‌మెనిస్తాన్ పత్తి మీద వచ్చినట్లు ఒక దేశపు మొత్తం పంట మీదా ఉండవచ్చు. సరుకు ఆగిన దిగుమతిదారుకు మూడు నెలల గడువు ఉంటుంది. ఆలోగా సరుకు ఉత్తర్వు పరిధిలోకి రాదనో, అందులో బలవంతపు శ్రమ లేదనో చూపాలి. లేదంటే తిరిగి వేరే దేశానికి పంపుకోవచ్చు.

2021 డిసెంబరులో సంతకమై 2022 జూన్ 21 నుంచి అమలైన ఉయ్‌గర్ బలవంతపు శ్రమ నిరోధక చట్టం ఇంతకంటే కఠినమైనది. షిన్‌జియాంగ్‌లో పూర్తిగానో కొంతగానో తయారైన ప్రతి వస్తువూ, జాబితాలో ఉన్న సంస్థలు చేసిన ప్రతి వస్తువూ బలవంతపు శ్రమతో తయారైనవేనని ఈ చట్టం ముందే భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం దిగుమతిదారుదే. కొంత అంటే ఎంత అన్న హద్దు లేదు. చొక్కాకు వాడిన దారంలో ఒక పాలు అక్కడి పత్తి ఉన్నా మొత్తం చొక్కా ఆగుతుంది. 2025 ఆరంభానికి జాబితాలో సంస్థల సంఖ్య 144కు చేరింది. మొదట పత్తి, దుస్తులు, టమాటా, సోలార్ పలకల ముడిసరుకైన పాలీసిలికాన్ మీద ఉన్న ప్రత్యేక దృష్టి, తర్వాత అల్యూమినియం, పీవీసీ, సముద్ర ఉత్పత్తులకు, ఆపైన ఉక్కు, రాగి, లిథియం వంటి వాటికి విస్తరించింది. ఉత్తర కొరియా పౌరుల శ్రమ విషయంలోనూ ఇలాంటి ముందస్తు భావనతోనే 2017లో మరో చట్టం వచ్చింది. చేపల శుద్ధి, కుట్టుపని సరుకు కొనేవారు దీన్ని తరచు మరచిపోతారు.

ఉయ్‌గర్ చట్టం కింద ఆగిన సరుకు ముందు రెండు దారులు ఉంటాయి. వాటి మధ్య తేడా తెలియక నష్టపోయేవారు ఎక్కువ. ఒకటి, ఈ సరుకుకు షిన్‌జియాంగ్‌తో గానీ జాబితా సంస్థలతో గానీ సంబంధమే లేదని చూపి చట్టం పరిధి నుంచే బయటపడటం. రెండోది, సంబంధం ఉన్నా బలవంతపు శ్రమ లేదని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో నిరూపించి మినహాయింపు పొందడం. రెండో దారి కాగితం మీద ఉన్నా నడిచేందుకు దాదాపు వీలులేనిది. స్వేచ్ఛగా తనిఖీ చేయలేని చోట నుంచి అంత బలమైన సాక్ష్యం తేవడం ఎలా? పైగా మినహాయింపు ఇస్తే ముప్పై రోజుల్లో ఆ సంగతిని అమెరికా కాంగ్రెస్‌కు నివేదించి బహిరంగపరచాలి. కాబట్టి వ్యాపారి సాధన అంతా మొదటి దారికే. దానికీ నోటీసు అందాక మిగిలేది దాదాపు ముప్పై రోజులే. ఆ గడువులో నాలుగు దేశాల్లోని ఏడెనిమిది కంపెనీల నుంచి దస్తావేజులు సంపాదించి, అనువదించి, వరుసలో పేర్చడం ఎవరి వల్లా కాదు. ఓడ బయలుదేరేనాటికే ఫైలు సిద్ధంగా ఉండాలి.

కాగితాలు ఒకదానితో ఒకటి మాట్లాడాలి

2021 జనవరిలో లాస్ ఏంజిలిస్ ప్రాంతపు రేవులో యూనిక్లో చొక్కాల సరుకు ఆగింది. షిన్‌జియాంగ్‌లోని ఒక అర్ధసైనిక ఉత్పత్తి సంస్థ పత్తిపై అప్పటికే ఉత్తర్వు ఉంది. తమ పత్తి వేరే దేశాల నుంచి వచ్చిందని కంపెనీ కాగితాలు సమర్పించింది. అయినా కస్టమ్స్ ఒప్పుకోలేదు. మే నెలలో అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. కారణం మూలదేశపు పత్రాలు లేకపోవడం కాదు, ఆ పత్తి నుంచి ఆ చొక్కా దాకా జరిగిన ఉత్పత్తిని చూపే రికార్డులు చాలకపోవడం. పత్తి కొన్నట్లు తెలుసు, చొక్కాలు వచ్చినట్లు తెలుసు, ఆ రెండింటినీ ముడివేసే దారం మధ్యలో తెగింది.

దస్తావేజుల గుట్ట వేరు, దస్తావేజుల గొలుసు వేరు. పత్తి దుస్తులకైతే గొలుసు పొలం నుంచి మొదలవుతుంది: జిన్నింగ్ మిల్లులో బేళ్ల నంబర్లు, నూలు మిల్లు కొనుగోలు ఆర్డర్, చెల్లింపు రసీదు, రవాణా పత్రం, నూలు లాటు నంబరు, నేత, అద్దకం, కత్తిరింపు, కుట్టు. ప్రతి మెట్టు దగ్గరా లోపలికి వచ్చిన లాటు ఏది, బయటికి వెళ్లిన లాటు ఏది అన్నది కలవాలి. తేదీలు కలవాలి. ముఖ్యంగా బరువులు కలవాలి. మిల్లు ఏడాదికి వంద టన్నుల విదేశీ పత్తి కొని, ఆ పత్తితోనే చేశానంటూ నూట నలభై టన్నుల నూలు అమ్మితే ఏ ప్రమాణపత్రమూ ఆ లెక్కను సరిచేయలేదు. నూలు ఒడుకులో కొంత దూది వ్యర్థంగా పోతుంది కాబట్టి నిజానికి నూలు బరువు తగ్గాలి. ఈ చిన్న కూడికలూ తీసివేతలూ చేయడానికి నిపుణులు అక్కరలేదు, ఓపిక చాలు. ఆశ్చర్యమేమిటంటే లక్షల డాలర్లు ఆడిట్లకు ఖర్చుచేసే సంస్థలు కూడా చాలావరకు ఈ లెక్క వేయవు.

కలిపే చోటే ప్రమాదం. జిన్నింగ్ మిల్లు, నూలు మిల్లు, లోహం కరిగించే కొలిమి, పాలీసిలికాన్ నుంచి దిమ్మెలు పోసే కర్మాగారం వంటివి పలు చోట్ల నుంచి ముడిసరుకు తెచ్చి ఒకటి చేస్తాయి. కలిసిన తర్వాత విడదీయడం కుదరదు. కాబట్టి సరఫరాదారును అడగాల్సిన మొదటి ప్రశ్న మీరు ఎక్కడ కొంటారు అన్నది కాదు, మీ గోదాములో ఏవి కలుస్తాయి అన్నది. విడిగా నిల్వ, విడి యంత్రాలు, విడి రికార్డులు లేకపోతే మంచి సరుకు కూడా అనుమానపు సరుకే.

పత్తి ఏ నేలలో పండిందో ఐసోటోపు పరీక్షతో, అంటే దూదిలో మిగిలే ఆ నేల రసాయన గుర్తులతో, అంచనా వేయవచ్చు. కస్టమ్స్ కూడా ఇలాంటి పరీక్షలను వాడుతుంది. కాగితం చెప్పేదాన్ని సరిచూడటానికి ఇది మంచి సాధనమే గాని కాగితానికి బదులు కాదు. నమూనా తీసిన చొక్కా గురించి చెబుతుంది, పక్క పెట్టె గురించి చెప్పదు. నేల గురించి చెబుతుంది, ఆ నేలలో పత్తి ఏరినవారి గురించి చెప్పదు.

సరఫరాదారు వివరాలు ఇవ్వనంటే? వ్యాపార రహస్యమన్నది పాత సాకు. ఇప్పుడు దానికి తోడు చైనాలో 2021లో వచ్చిన విదేశీ ఆంక్షల వ్యతిరేక చట్టం కూడా ఉంది. అక్కడి సరఫరాదారు రాతపూర్వకంగా ఏదైనా చెప్పడానికి భయపడటంలో అర్థం ఉంది. కానీ ఆ భయం సబబా కాదా అన్నది కస్టమ్స్‌కు సంబంధం లేని విషయం. కాగితం రాకపోతే సరుకు ఆగుతుంది. కాబట్టి ఒప్పందం రాసే రోజే ముడిసరుకు జాడ చెప్పే బాధ్యత, అనుమతి లేకుండా పని బయటికి ఇవ్వకూడదన్న షరతు, పత్రాలు అందించాల్సిన గడువు, సరుకు ఆగితే నష్టం ఎవరిదన్న లెక్క అందులో ఉండాలి. ఆర్డర్ ఇచ్చాక అడిగితే బతిమాలడమే అవుతుంది.

కొందరు తెలివిగా మరో దారి పట్టారు. అమెరికాకు వెళ్లే సరుకుకు ఒక శుభ్రమైన వరుస, మిగిలిన దేశాలకు పాత వరుస. చట్టం దీన్ని సూటిగా అడ్డుకోదు. అయితే అమ్మే సంస్థ పేరే జాబితాలో ఉంటే ఏ వరుస నుంచి వచ్చినా సరుకు ఆగుతుంది. పైగా ఈ ఏర్పాటులో కార్మికుడి బతుకు మారదు, అతని శ్రమ చేరే ఊరు మారుతుంది అంతే.

చేతి తొడుగులు చెప్పిన పాఠం

రెండో రకం జబ్బుకు మలేసియా రబ్బరు తొడుగుల పరిశ్రమ ఉదాహరణ. 2020 జూలైలో, కోవిడ్ కాలంలో తొడుగులకు విపరీతమైన గిరాకీ ఉన్నప్పుడే, ప్రపంచంలోనే అతి పెద్ద తయారీదారు టాప్ గ్లోవ్ అనుబంధ సంస్థలపై అమెరికా ఉత్తర్వు ఇచ్చింది. 2021 మార్చిలో దాన్ని మరింత బిగించింది. ఫ్యాక్టరీ ఎక్కడుందో, రబ్బరు ఎక్కడిదో ఎవరికీ అనుమానం లేదు. వలస కార్మికులు ఉద్యోగం కోసం దళారులకు కట్టిన రుసుములు, ఆ అప్పు తీరేదాకా కదలలేని స్థితి, పత్రాలు లాగేసుకోవడం, ఇరుకు వసతి, ఓవర్‌టైమ్ అసలు సమస్యలు. కార్మికులకు 3 కోట్ల డాలర్లకు పైగా తిరిగి చెల్లించి, వసతి మెరుగుపరిచాకే 2021 సెప్టెంబరులో ఆంక్ష తొలగింది. ఆ రుసుములు అన్నేళ్లుగా కార్మికుల జేబు నుంచి పోతుండగానే తొడుగులు కొన్న ఆసుపత్రుల, పంపిణీదారుల ఫైళ్లలో ఆడిట్ నివేదికలు ఉన్నాయి.

రుసుము సంగతి ఆడిటర్‌కు ఎందుకు దొరకదు? అది ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఉండదు గనుక. సరిహద్దు అవతల, ఒక గ్రామంలో, రసీదు లేకుండా చేతులు మారిన డబ్బు అది. ముందే చెప్పి వచ్చిన ఆడిటర్, మేనేజర్ గది పక్కనే కూర్చోబెట్టి అడిగితే కార్మికుడు ఏమీ కట్టలేదనే చెబుతాడు. పని వేళ తర్వాత, ఫ్యాక్టరీ బయట, అతని భాషలో, అతను నమ్మే సంఘం ద్వారా అడిగితేనే అసలు మొత్తం బయటికి వస్తుంది.

తమిళనాడులోని దిండిగల్ జిల్లా నాచి అప్పారెల్ ఉదంతం దీనికి మరో కోణం. 2022 జూలై చివర్లో ఆ దుస్తుల మిల్లుపై ఉత్తర్వు వచ్చింది, సెప్టెంబరు మొదటి వారానికల్లా సడలింది. ఇలాంటి ఆంక్షలు తొలగడానికి మామూలుగా నెలలు, ఏళ్లు పడతాయి. ఇక్కడ అంత త్వరగా జరగడానికి కారణం అదే ఏడాది ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం. మహిళా కార్మికులు నడిపే యూనియన్, యాజమాన్యం, అంతర్జాతీయ కార్మిక సంఘాలు చేసుకున్న ఆ ఒప్పందానికి బ్రాండ్లు కూడా కట్టుబడ్డాయి. కార్మికుల్లోంచే శిక్షణ పొందిన పరిశీలకులు, ఫిర్యాదు చేస్తే ప్రతీకారం తీర్చుకోకుండా రక్షణ, పాటించకపోతే ఆర్డర్లపై ప్రభావం అందులో ఉన్నాయి. ఆంక్ష వచ్చేనాటికే మందు మొదలైంది, చూపడానికి రుజువులూ ఉన్నాయి.

కొనుగోలుదారు నడత గురించి ఈ చట్టాలు పెద్దగా మాట్లాడవు. మాట్లాడి ఉంటే బాగుండేది. ఆరు వారాల్లో రావాల్సిన సరుకును మూడు వారాల్లో కావాలంటే, నిరుటి ధర కంటే తగ్గించమంటే, ఆ ఒత్తిడి గాలిలో కలిసిపోదు. అనుమతి లేని ఉపకాంట్రాక్టుగానో, రాత్రి పొడవునా ఓవర్‌టైమ్‌గానో కిందికి జారుతుంది. చట్టబద్ధమైన కూలి కూడా గిట్టని ధర ఇన్వాయిస్ మీద కనిపిస్తే అదొక హెచ్చరికే. అది కనిపించేది కొనుగోలు విభాగానికి, నిబంధనలు చూసేది మరో విభాగం. ఒకే భవనంలో ఉన్న ఈ రెండు గదుల మధ్య మాటలు లేకపోవడం సరఫరా గొలుసులోని ఏ దూరం కంటే తక్కువేమీ కాదు.

నిషిద్ధ సరుకుతో గట్టెక్కుదామనుకుంటే సరుకు పోవడంతో ఆగదు. చైనాలో ఖైదీల శ్రమతో తయారైన స్టీవియా అనే తీపి పొడి దిగుమతి వ్యవహారంలో 2020 ఆగస్టులో ఒక అమెరికా సంస్థ నుంచి కస్టమ్స్ 5,75,000 డాలర్ల జరిమానా వసూలు చేసింది.

ఐరోపా పద్ధతి వేరు

బ్రిటన్ 2015 చట్టం, ఆస్ట్రేలియా 2018 చట్టం ప్రధానంగా నివేదిక రాయమంటాయి, సరుకును ఆపవు. కెనడా రెండూ చేస్తుంది: 2020 జూలై నుంచి దిగుమతి నిషేధం ఉంది, 2024 నుంచి నిర్ణీత స్థాయి కంపెనీలు ఏటా మే 31లోగా నివేదిక ఇవ్వాలి. మెక్సికో 2023లో నిషేధాల వరుసలో చేరింది.

వీటన్నిటికంటే వ్యాపారులు జాగ్రత్తగా చదవాల్సింది ఐరోపా సమాఖ్య కొత్త నిబంధన. 2024 డిసెంబరు 13న అమల్లోకి వచ్చినా దాని నిషేధం వర్తించేది 2027 డిసెంబరు 14 నుంచి. దిగుమతులతో పాటు లోపల తయారయ్యే సరుకుకూ, ఎగుమతులకూ, ఆన్‌లైన్ అమ్మకాలకూ వర్తిస్తుంది. చిన్న కంపెనీ అయినా మినహాయింపు లేదు. అమెరికాలోలాగా ముందే దోషిగా భావించరు. నిరూపించే భారం అధికారులది. ప్రాథమిక దశలో కంపెనీని వివరణ అడుగుతారు, ఇచ్చేందుకు 30 పనిదినాలు ఉంటాయి. అనుమానం బలపడితేనే పూర్తి విచారణ. ఆరోపణ ఐరోపా బయటిదైతే విచారణ బాధ్యత యూరోపియన్ కమిషన్‌దే. తప్పు తేలితే సరుకును మార్కెట్ నుంచి వెనక్కు తీసుకోవాలి. విడదీయగల భాగంలోనే దోషం ఉంటే ఆ భాగాన్నే తొలగిస్తే సరిపోతుంది.

భారం అధికారులదే కదా అని తేలిగ్గా తీసుకోవడం పొరపాటు. అడిగినప్పుడు సమాచారం ఇవ్వని కంపెనీ విషయంలో అందుబాటులో ఉన్న ఆధారాలతోనే నిర్ణయించే అధికారం వారికి ఉంది. కంపెనీ అంతకుముందే సమస్యను గుర్తించి సరిదిద్దుతోందా అన్నదాన్ని ప్రాథమిక దశలోనే పరిగణనలోకి తీసుకుంటారు. అంటే ఇక్కడ లెక్కకు వచ్చేది మూలపత్రం ఒక్కటే కాదు, తిరిగి చెల్లించిన రుసుముల రికార్డు, పరిష్కారమైన ఫిర్యాదుల చిట్టా కూడా.

గడువు 2027 చివర కదా అనిపించవచ్చు. కానీ పొలంలో ఏరిన పత్తి బేలుగా మారి, నూలై, గుడ్డై, చొక్కాగా కుట్టుపడి దుకాణం చేరడానికి ఏడాదికి పైగా పట్టడం మామూలే. 2026 చివర్లో ఏరే పత్తిలో కొంత భాగం 2027 డిసెంబరు 14న ఐరోపా అరల మీద ఉండవచ్చు. దాని బేలు నంబరు రాసుకోవాల్సింది జిన్నింగ్ మిల్లు దగ్గర, ఆ పంట చేతికొచ్చిన వారంలోనే.